ఉదయం ఆటకు ఒక టిక్కెట్టు

"రెండో తరగతి బిడ్డలకి చూపించొచ్చా లేదా
నువ్వే ముందు చూసొచ్చి చెప్పుమే" అని
ఎమిలీ మేడం రెండొందలు చేతిలో పెట్టి పంపింది.

తోతాపురి లారీలు
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి బారు తీరిన రోజులు.
చిత్తూరంతా మాగిన వాసన.
కట్టమంచి దగ్గర ఆటో దిగాను.
ముప్పై రెండేళ్ల మనిషిని,
బొమ్మల సినిమాకి ఒకే టిక్కెట్టు అడిగితే
కౌంటర్లో అబ్బాయి నా వెనక్కి తొంగి చూశాడు
బిడ్డ ఎక్కడుందా అని.

బిడ్డలు ఇరవై తొమ్మిది మంది, అబ్బయ్యా.
బడిలో ఎక్కాలు రాస్తా ఉండారు.

నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసుకున్నాను.
కొట్టుకోవడం. భయం. చెడ్డ మాట. ఏడుపు.

కథేమంటే
ఒక అడవిపందికి కుక్కరు విజిలు దొరుకుతుంది.
అది ఊదినప్పుడల్లా అన్నం వేళయిందని
అడవంతా కంచాలు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది.
నక్క పదకొండుసార్లు కొండ మీంచి పడింది,
పదకొండుసార్లూ అప్పడమైపోయి, దులుపుకుని లేచింది.
మొదటి గడిలో పదకొండు గీతలు.
పన్నెండోసారి కొండే వచ్చి నక్క మీద పడింది.
ఇది ఏ లెక్కలోకొస్తుందో తెలీక
పెన్ను నోట్లో పెట్టుకున్నాను.

గుడ్లగూబ పిత్తింది.
చెడ్డ మాట కాదు, అసలు మాటే కాదది.
మా పిల్లలకి అంతకంటే పెద్ద హాస్యం ఇంకా పుట్టలేదు.
వదిలేశాను.

రాక్షస బల్లి తెరంతా నిండినప్పుడు
ముందు వరసలో ఒక పసివాడు
నాయన చొక్కాలో తల దూర్చి
ఒక కన్ను మాత్రం బయట పెట్టుకున్నాడు.
భయం గడిలో సగం గీత.

ఇంటర్వెల్లో చెనక్కాయలు కొనుక్కుని
"చూపించవచ్చు" అని రాసి
కింద గీత కూడా కొట్టాను.

తర్వాత వచ్చింది తాబేలు.
నత్తి తాబేలు.
"ప... ప... ప..." అంటుంది,
"పరిగెత్తండి" అనేలోపల
బండ దొర్లి అందరినీ చదును చేస్తుంది.
"వ... వ... వ..." అంటుంది,
వరద వచ్చి, వెళ్ళి కూడా పోతుంది.
హాలంతా నవ్వింది.
పక్క సీటు పెద్దాయన దగ్గు తెచ్చుకుని మరీ నవ్వాడు.
నేనూ నవ్వాను.
చెనక్కాయ పొట్టు ఒళ్ళోంచి రాలేట్టు,
గట్టిగా.

నోరు ఇంకా మూసుకోకముందే
మూడో బెంచీ మునితేజ గుర్తొచ్చాడు.
హాజరు పిలిస్తే
"ప్రెజెంట్ మిస్"లో మొదటి అక్షరం దగ్గరే నిలబడిపోతాడు,
చలికాలం పొద్దున ఆటో స్టార్టు కానట్టు.
మేమంతా ఆగుతాం.
ఆగడం నేర్పడానికి నాకు జూన్ నెలంతా పట్టింది.
హసీనా అయితే
వాడి మాట బయటికొచ్చేదాకా
తనూ ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటుంది.

నా నాలుగు గళ్ళలో
తాబేలుకి చోటు లేదు.
దాన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు.
అది ఏడవను కూడా లేదు,
చివరి పాటలో అందరితో కలిసి గెంతింది.
బండ మాత్రం ప్రతిసారీ
అది మాట ముగించకముందే పడింది.
ఎవరో గీసిందే కదా ఆ బండ,
ఎప్పుడు పడాలో కొలిచి మరీ.

వాణ్ణొక్కణ్ణి ఇంట్లో ఉంచమంటే
అది ఇంకో బండ.
తీసుకుపోతే వాడు ఏడుస్తాడని కాదు నా దిగులు.
అందరికంటే గట్టిగా వాడే నవ్వితే?

తిరిగొచ్చేసరికి మేడం
ఫోన్లో బస్సు డ్రైవరు నంబరు వెతుకుతా ఉంది.
"ఎట్లుందిమే?"
"చూ..." అన్నాను.
"చూపించొచ్చు గదా! శనివారానికి మాట్లాడేస్తా ఉండా."

బయట లారీ ఒకటి గేరు పడక మూలిగింది.
"మేడం," అన్నాను,
"నేనింకా చెప్పలేదు."