ఉప్పు తుడిచాక

అటక మీంచి దించితే
కేబినెట్‌లోంచి ముందు రాలింది బొద్దింక రెక్క,
తర్వాత ఇసక.
అల్లిపురం సందులో, మూడో మెట్టు పైన, మా అటక మీదికి
సముద్రం ఎప్పుడొచ్చి వెళ్లిందో!

స్క్రూలన్నీ తుప్పు.
హెప్సిబా రెండు చేతుల్తో తిప్పి చూసి
"అంకుల్, కొబ్బరినూనె ఉందా?" అంది.
జ్ఞానాపురం పిల్ల, పాలిటెక్నిక్ రెండో ఏడు,
జడపిన్నుతోనే సగం పని కానిచ్చేస్తుంది.

ర్యామ్ పీకి చూపించింది
బంగారు పళ్ల మీద పచ్చటి పాచి.
"ఉప్పుగాలి. మన ఊళ్లో ఇనుముకి ఆయుష్షు తక్కువ,
పోర్టు క్రేనుకైనా మీ పెట్టెకైనా."
పెన్సిల్ రబ్బరుతో రుద్దింది, పలక తుడిచినట్టు.
నేను పొడి ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టింది:
"ఊదకండి, మీ నోట్లోనూ ఉప్పే."

ప్రాసెసర్ మీద పేస్టు
గోడ సున్నంలా పెచ్చులూడిపోయింది.
కొత్తది పెసరగింజంత పెట్టింది.
ఇంకాస్త వెయ్యమన్నాను.
చట్నీ కాదు కదా అంది.

మీట నొక్కింది.
బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది గనక
తెర మీద తేదీ: 2009 జనవరి ఒకటి.
దానికి తుఫాను తెలీదు.
పక్కింటి రేకులు ఎగిరొచ్చి మా డాబా మీద పడ్డం తెలీదు,
కరెంటు లేని తొమ్మిది రాత్రులు తెలీవు,
డీటీపీ షాపు మూసేసి నేను
పోర్టు గేటు దగ్గర లారీల చిట్టీలు రాసుకోడం తెలీదు.
బ్యాటరీ మార్చబోతుంటే
ఒక్క నిమిషం ఉండమ్మా అన్నాను.

ద్వారకానగర్‌లో బేరమాడిన పాత ర్యామ్ ఇంకోటి,
అరచేతిలో బిస్కెట్‌లా ఇమిడే కొత్త డిస్కు,
లినక్సు ఊరికే వచ్చింది.
మొత్తం రెండువేల ఎనిమిదొందలు.
పాత డిస్కుని మాత్రం బయట వేలాడదీసి వైరు తగిలించింది.
టక్. టక్. గర్ర్.
"ఎక్కువసేపు ఓర్వదు, కావలసినవి తొందరగా తీసుకోండి."

ఏం కావాలి నాకు?
పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, చీటీల నోటీసులు.
తెరిస్తే ఒక్కటీ తెలుగులో లేదు,
అన్నీ డాలర్లూ కొక్కేలూ తోక తెగిన గీతలూ.
ఆ రోజుల్లో మా అక్షరాలు
ఇంగ్లీషు ముసుగేసుకుని బతికేవి.
ఫాంటు పోయింది, ముసుగు మిగిలింది.

హెప్సిబా ఏదో మార్పిడి యంత్రంలో పోసింది.
లేచొచ్చాయి, వత్తులు మాత్రం దారి తప్పి:
"పైడమమ్ టిఫిన సెంటర్
పూరాణ్ మారెక్ట్ వెనక సందు
పార్రంభం: అకోట్బర్ 19"

తుఫాను పన్నెండున వచ్చింది.
కార్డులు అచ్చవలేదు.
అడ్వాన్సు తీసుకున్న రెండొందలు
ఏ కొవ్వొత్తుల కిందో ఖర్చైపోయాయి.

మర్నాడు వెళ్లాను.
సందు ఉంది, బల్లలున్నాయి, పొగ ఉంది,
బోర్డు లేదు, జనం ఉన్నారు.
రెండొందలు చాపితే పైడమ్మ గరిట ఆపకుండానే చూసింది.
"ఏటి బాబూ, ఇప్పుడా?
కార్డు లేకండానే పదకొండేళ్లు అమ్మీసినాను.
డబ్బులుంచీ. కార్డే ఇచ్చీ."
"ప్రారంభం అని ఉందమ్మా,
తేదీ ఏం వెయ్యమంటావు?"
అట్టు తిరగేసింది.
"పొద్దుట అయిదింటికి, అని ఎయ్యి.
రోజూ అదే కదా."

రాత్రి కూర్చున్నాను.
ఫ్యాను సన్నగా తిరుగుతోంది, నూనె వేసిన కుట్టుమిషన్లా.
మ కింద మ వత్తు,
ర్ణ కుదరడానికి మూడుసార్లు,
ఇడ్లీలో ళా కాదు లీ.
పాత డిస్కు టక్‌మనడం
ఎప్పుడు మానేసిందో చూసుకోలేదు.