మారు

ఆదివారం అనుబంధం, ఆరో పేజీ, కింద మూల
నా కాలమ్. నూరు మాటలు, ఒక ఫొటో, చుక్కలు.
మొత్తం ఐదు చుక్కలు. ఐదూ ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.
బీచ్ రోడ్డు హోటళ్ళన్నీ మా సీనియర్ వాటా.
ఊరి చివర్లు నావి:
షీలానగర్, వేపగుంట, పెందుర్తి, కూర్మన్నపాలెం,
సిటీ బస్సు అద్దం మీద ఎర్రదుమ్ము పేరుకునే చోటు దాకా.

తిరగ్గా తిరగ్గా కొన్ని తెలిశాయి.
ఫ్లెక్సీ ఎంత కొత్తదైతే నూనె అంత పాతది.
లారీలు ఆగే చోట చట్నీ బాగుంటుందన్న మాట
సగమే నిజం, మిగతా సగం ఆకలి.
మధురవాడలో రంగు పూసిన బిర్యానీకి రెండు ఇచ్చాను,
అందులో ఒకటి నిమ్మచెక్కకి.
అడివివరం దారిలో డిబ్బరొట్టె,
అడుగు ఎర్రగా కరకరలాడుతుంటే
నిలబడే తినేశాను, వాన చొక్కా తడిపింది,
నోటుబుక్కు తీయడం మరిచాను.
దాని గురించి ఎప్పుడూ రాయలేదు.

పాత గాజువాకలో
వెల్డింగ్ షాపుకీ పంచరు కొట్టుకీ మధ్య
రేకుల కింద ఆరు బల్లలు.
సన్యాసమ్మ మెస్.
అప్పుడు ఇలా రాశాను:
‘సాంబారు పలచన. అందులో ములక్కాడ
దారి తప్పి వచ్చినట్టుంది.’ రెండు చుక్కలు.
ములక్కాడ మాటకి ఆఫీసంతా నవ్వారు.
నేనూ ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకున్నాను.

నెల తిరక్కుండా అక్కడే బస్సు చెడింది.
ఎండ. మధ్యాహ్నం మూడు.
వేరే దిక్కు లేక లోపలికెళ్ళి చెయ్యి కడగబోతే
కుళాయి పైన, గోడ మీద,
లామినేషన్ చేయించిన నా కాలమ్.
మూలన నా మొహం, పసుపు మరకతో.

‘నువ్వే కదేటి బావూ, పేపరాయన?’
గరిటె పట్టుకునే వచ్చింది.
‘మా గురువులు సదివినాడు. పేరు బాగా పడ్డాది.
గానీ, ఈ రెండు సుక్కలేటి? నెయ్యి సుక్కలా?’

చెప్పడానికి ప్రయత్నించాను.
ఐదింటికి రెండంటే ఎలా ఉంటుందో చెబుతూ చెబుతూ
నా గొంతే నాకు అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

‘పలసనే. అబద్ధం రాయనేదు నువ్వు.
ఆ దినం ఎ షిఫ్టు బస్సు గంటన్నర లేటు,
ముప్పైమందొచ్చీసినారు ఒక్కపాలి.
పప్పు పదిమందికుంది.
నేదు పొమ్మంటానేటి? నీళ్ళు పోసీసినాను.’

అంతటితో వదిలితే బాగుండేది.

‘నానూ సూసినాను నిన్ను.
కరేపాకంతా కంచం గట్టుకి తోసీసినావు.
పచ్చడి ఏలితో ముట్టి వొగ్గీసినావు.
ఫొటో తీసీసరికి అన్నం సల్లారిపోనాది.
కుర్రోడు మారు తెస్తే సెయ్యి అడ్డెట్టీసినావు.
వొండినోలకి తెల్దేటి బావూ,
తిననొచ్చినోడెవుడో, తూయనొచ్చినోడెవుడో?’

పక్క బల్ల దగ్గర నీలం యూనిఫాం ఆయన
మజ్జిగ తాగుతూ తల పైకెత్తలేదు.

‘నీకైతే నానొక్కటే ఇస్తాను.
సరిపడా సిల్లరిచ్చినావు గనక.’

కూర్చున్నాను.
వంకాయ ఆవపెట్టిన కూర, పప్పు, సాంబారు.
సాంబారు చిక్కగానే ఉంది. ఉప్పు ఒక రవ్వ ఎక్కువ.
అలవాటు, ఏం చెయ్యను.
కరివేపాకు నమిలాను. చేదుగానే ఉంది.
గురువులు బకెట్టు పట్టుకుని వచ్చాడు,
నన్నేం అడగకుండా నిలబడ్డాడు.
చెయ్యి కంచం మీంచి తీశాను.
అన్నం పడింది, పొగతో.
పక్కనుంచి ఆమె నెయ్యి గిన్నె వంచింది.
లెక్కపెట్టాను. మూడు.

బస్సు బాగయ్యిందని ఎవరో కేకేశారు.
చిల్లర లేదు, వందనోటు ఇచ్చాను;
మిగతాది ఆమె లెక్కపెట్టి మరీ చేతిలో పెట్టింది.

ఆ వారం వేపగుంట టిఫిన్ సెంటర్ గురించి రాశాను.
ఇడ్లీ మెత్తన. మూడున్నర.
‘నీ పదును తగ్గింది’ అన్నాడు మా సీనియర్.
వేళ్ళ సందుల్లో ఆవవాసన
ఇంకా పోలేదు.