కర్త కనబడని వాక్యం

ఏడో తరగతి, రెండో పీరియడ్.
మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన మా ఊరు.
కిటికీ అవతల మార్చి నెల మంచు
బూడిద కలిసిన ఉప్పులా కరుగుతోంది.
గాలిలో కాగితం మిల్లు వాసన, కుళ్ళిన కోడిగుడ్ల వాసన.
పుట్టినప్పట్నించీ తిట్టుకుంటూనే పీలుస్తున్నాం.

ఈ రోజు పాఠం పుస్తకంలో లేదు.
మిల్లు గేటుకి అంటించిన నోటీసుని
నిన్న సాయంత్రం ఫోనులో ఫొటో తీశాను.
కింద సంతకం మాత్రం కత్తిరించి
ఇరవై మూడు కాపీలు తీశాను.
మిల్లు మూసేస్తున్నామని చెప్పడానికి కూడా
వాళ్ళు మిల్లు కాగితమే వాడారు.

వెండెల్ థిబొడో చదువుతాడు
చూపుడువేలు అక్షరం కింద పెట్టి,
చీకట్లో మెట్లు దిగేవాడు
కాలితో అంచు తడుముకున్నట్టు.
సెప్టెంబరులో ఒక పేరాకి పావుగంట పట్టేది.
ఇప్పుడు ఏడు నిమిషాలు.
మిగిలిన ఆ ఎనిమిది నిమిషాలే
ఈ ఏడాది నా సంపాదన.
ఏ పరీక్షా దాన్ని జమ కట్టదు.

ఎవరూ అడక్కుండానే వాడు లేచాడు.
"జూన్... ముప్పయ్యో తేదీ... నాటికి
ఉత్... ఉత్పత్తి... నిలిపి... వేయ... బడును.
రెండు వందల పన్నెండు మంది... ఉద్యోగులు
తొల... తొలగించ... బడుదురు."

ఎవరూ నవ్వలేదు.
ఎప్పుడూ నవ్వే ఎలియట్ కూడా
బల్లకింద బూటు లేసు లాక్కుంటూ కూచున్నాడు.

బోర్డు మీద రాశాను: కర్త, కర్మ, క్రియ.
క్రియ వెంటనే దొరికింది.
కర్మ అయితే క్లాసులోనే ఉంది, సగం బల్లల్లో.
"మరి కర్త ఎక్కడ?"
పెన్సిళ్ళు వాక్యం చుట్టూ తిరిగాయి
చక్కెర డబ్బా మూత చుట్టూ చీమల్లా.
"లేడు, మిస్."
"ఉన్నాడు. 'బడు' వెనకాల నక్కాడు," అంది జోసెలిన్.

చిన్న మాటే అది.
తగిలిస్తే చాలు, ఏ పనైనా
తనంతట తానే జరిగిపోతుంది
వాన పడ్డట్టు, మంచు పడ్డట్టు.
ఎవరి చెయ్యీ తడవదు.

"దాన్ని పీకేసి మళ్ళీ రాయండి," అన్నాను.

'కంపెనీ నిలిపివేస్తుంది' అని ఒకడు.
కంపెనీకి చేతులుంటాయా అని ఎలియట్.
'ధరలు నిలిపివేస్తాయి', అది ఎవరి మామయ్య మాటో.
'కంప్యూటర్లు నిలిపివేస్తాయి.
ఇప్పుడెవరూ కాగితం మీద రాయట్లేదు'
అని కాగితం మీద రాసింది జోసెలిన్.

కోరిన్ లడ్లో చివరి బల్లలో ఒక్కతే కూచుంది.
నేను కత్తిరించిన సంతకం వాళ్ళ నాన్నది.
కత్తెరకి అంత తెలివి ఎక్కడిది?
క్లాసంతటికీ తెలుసు.
'మా నాన్న నిలిపివేస్తాడు' అని రాసింది.
కొట్టేసింది.
కింద, 'మా నాన్నకి ఫోన్ చేసినవాళ్ళు నిలిపివేస్తారు.'
దాని పక్కన ఒక ప్రశ్నార్థకం, కాగితం చిరిగేంత గట్టిగా.
"మిస్, ఒక వాక్యంలో ఎంతమంది కర్తలుండొచ్చు?"
ఇరవై ఆరేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నాను.
"ఎంతమందైనా," అన్నాను.
ఒక్కరైనా ఉండాలి అనబోయి
ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను.

వెండెల్ దగ్గర ఆగాను.
కర్త ఉండాల్సిన చోట ఖాళీ గీత.
దాని కింద, నేను అడగనివి:
'మా తాత చెట్లు కొట్టాడు.
మా పెద్దమ్మ గుజ్జు ఉడికించింది.
మా అమ్మ రాత్రి డ్యూటీలో రోళ్ళు చుడుతుంది.
నేను నోటీసు చదివాను.'
రెండుచోట్ల ఒత్తులు తప్పు.
ఎర్ర పెన్ను జేబులోనే ఉంచుకున్నాను.

గంట మోగింది.
గుమ్మం దగ్గర ఎలియట్ అరిచాడు,
"గంట కొట్టబడినది!"
అప్పుడు నవ్వారందరూ.
కోరిన్ కూడా, కాస్త ఆలస్యంగా.

వెండెల్ ఇంకా రాస్తున్నాడు.