కుడిచేతి లెక్క

జరానికి సూదేసిండు కాంపౌండరు, మోచేతి మడత కాడ.
మూడోనాటికి వేళ్లు నల్లవడ్డయి.
హైదరాబాదుల మణికట్టు దాకా తీసేసిండ్రు.

నల్లగొండ వినియోగదారుల కోర్టుల
ఆరేండ్లు. ఇరవై మూడు వాయిదాలు.
"నెలకెన్ని జాకెట్లు కుట్టేదానివి?"
ఆస్పత్రి వకీలు అడిగిండు.
పెండ్లిళ్ల నెలనా, మూఢంలనా సారూ?
అందరు నవ్విండ్రు.
నేను నిజంగనే అడిగిన.

నాలుగు లక్షల ఎనభై వేలు ఇప్పిచ్చిండ్రు.
కాజాకెంత పడ్డట్టో లెక్కగట్టలే.
మిషన్ మీద ఇప్పుడు బియ్యం డబ్బా ఉంది.

పైసలు తీద్దామని మిర్యాలగూడ బ్యాంకుకు పోతే
పిలగాడు కంప్యూటర్ల జూసి
"సైదమ్మా, సంతకం పాతదానితోటి కలుస్తలేదు" అన్నడు.

పాతది కుడిచేతిది బిడ్డా.
దాన్ని యాడ బొందవెట్టిండ్రో
నాక్గూడ తెల్వది.