ఉప్పు పద్దు

పోర్ట్ కెంబ్లాలో, ఉక్కు ఫ్యాక్టరీ వెనక వీధిలో
పాత టైర్ల గోడౌను ఒకటి అద్దెకి దొరికింది.
వారానికి మూడువందల ఎనభై డాలర్లు.
కప్పు కారుతుంది, ఆ సంగతి ఓనరు చెప్పలేదు.
టొకుదా షిగెహారు చెప్పులు విప్పి నిలబడి
మడమతో నేలని ఒక్కసారి కొట్టి చూశాడు,
పుచ్చకాయ కొనేవాడు వేలితో తట్టినట్టు.
"ఇదే," అన్నాడు.

నేను కుస్తీ పట్టినవాణ్ణి కాను.
రాత్రి షిఫ్టులో క్రేను, పగలు వీళ్ల లెక్కలు.
మొదటి పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది:
ఇటుకల బట్టీ నుంచి ఎర్రమన్ను, ఏడు టన్నులు.
బియ్యం, నాలుగు సంచులు.
చీపుర్లు రెండు.
ఉప్పు, ఒక బస్తా.

మన్ను తొక్కడానికే ఎనిమిది రోజులు.
సెమిసి బేకరీ నుంచి పిండి చేతులతోనే వచ్చి దిమ్మిస పట్టేవాడు.
బ్లాగోయ్ వెల్డరు; ఎడమ మోకాలు
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు నడుస్తాడు.
రోవీనా అంబులెన్సు మనిషి.
తొంభై ఆరు కిలోలు, అడిగినవాళ్లకి దాచదు.
ఆడమనిషి గోదాలో కాలు పెట్టొచ్చా అని
బ్లాగోయ్ నోరు జారితే
టొకుదా చాలాసేపు మన్ను వైపే చూశాడు.
తను పెరిగిన చోట కూడదు.
"ఈ మన్ను ఈ ఊరిది," అన్నాడు చివరికి,
చీపురు ఆమె చేతికిచ్చి.

నడుం కట్టడం అనేది నాకు మాటవరస.
ఇక్కడ అది తొమ్మిది మీటర్ల కాన్వాసు.
ఒకరు గిరగిరా తిరుగుతుంటే
వెనక ఇంకొకరు బిగించి లాగాలి.
ఎవరి నడుం వాళ్లు కట్టుకోలేరు.

మొదటి ఏడు బ్రిస్బేన్ పోటీలకి వెళ్లాం.
వ్యానులో పదమూడు గంటలు.
సెమిసి ఆట నాలుగు సెకన్లు.
బ్లాగోయ్‌ది అంత కూడా లేదు.
మట్టి కరిచాం అందామన్నా
అక్కడ మట్టి లేదు, నీలం పరుపులు.
తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర
చల్లారిన పైలు తిన్నాం, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

నెలనెలా రాస్తూనే ఉన్నాను:
ఉప్పు, ఒక బస్తా, వాడలేదు.
మరెందుకు కొన్నావని ఒకరోజు అడిగాను.
టొకుదా ఉల్లికాడలు తరుగుతున్నాడు.
"పద్నాలుగేళ్లు అక్కడ గోదా ఊడ్చాను.
పెద్దవాళ్ల వీపులు రుద్దాను.
పైమెట్టు ఎక్కినవాడికే ఉప్పు చల్లే హక్కు.
నాకు ఒక్క గెలుపు తక్కువైంది."
కత్తి ఆగలేదు.

తెల్లారుజామున ఆ అడుగుల మోతకి
పక్క గారేజీ వాడు కౌన్సిల్‌కి రెండు ఉత్తరాలు రాశాడు.
మూడోది రాయలేదు, కొడుకుని తీసుకొచ్చి చేర్చాడు.
నలుగురు పదహారుమంది అయ్యారు.
బియ్యం పద్దు పేజీ దాటింది.
మాంసం కొట్టు ఆవిడ ఎముకలు ఊరికే ఇవ్వసాగింది.

మూడో ఏడు, జూన్, రోవీనా ఫైనల్.
ఎదుటి మనిషి నూట ముప్పై కిలోలు.
తల ఆమె గదవ కింద పెట్టి, ఉడుంపట్టు పట్టి,
మూడంతస్తుల మెట్ల మీంచి స్ట్రెచరు దించినట్టు
తొందర లేకుండా, కుదుపు లేకుండా
గీత దాటించి నిలబెట్టింది.
తర్వాత ఆమెకే దణ్ణం పెట్టినట్టు వంగింది.

ఆ రాత్రి టొకుదా గోడౌను తాళం తీశాడు.
బస్తా కోశాడు.
సముద్రపు గాలికి ఉప్పు బండరాయి అయింది.
బ్లాగోయ్ సుత్తితో పగలగొట్టాడు.
రోవీనా గుప్పెడు తీసి
తను చల్లకుండా ముసలాయన చేతిలో పోసింది.
ఆ చెయ్యి లేచింది. మధ్యలో ఆగింది.
ముందు కాస్త నాలిక మీద వేసుకున్నాడు.
తర్వాత విసిరాడు.
సగం బ్లాగోయ్ కళ్లలో పడింది,
వాడి తిట్లకి అందరం నవ్వాం, టొకుదా తప్ప.

పొద్దున ఊడ్వబోతే మన్ను చెమర్చి ఉంది.
పద్దు రాశాను:
ఉప్పు, ఖర్చు, ఒక గుప్పెడు.
కింది వరసలో,
వచ్చే నెల నుంచి అద్దె నాలుగువందల పది.