నీటి వంతు

ఓష్ ఆసుపత్రి మూడో అంతస్తులో
చీకటిగది నాది.
ఇరవై రెండేళ్ళుగా కడుపుల మీద జెల్లు రాస్తూ
"చల్లగా ఉంటుందమ్మా, ఓర్చుకో" అన్నదే నా మొదటి మాట.

ఆవేళ బురుల్చా పడుకుంది. ఇరవై మూడో వారం.
తల బాగుంది. గుండె నాలుగు గదులూ బాగున్నాయి.
కిందికి దిగాక నా చెయ్యి ఆగింది.
మూత్రాశయం నిండుకుండ.
నిండుకుండ తొణకదంటారు,
తొణకాల్సిన కుండ ఇది.
దాని మెడ దగ్గర తాళంచెవి కన్నంలా నల్లటి నీడ.
బిడ్డ చుట్టూ నీరు పల్చబడి ఉంది.

మొగుడు సాగిన్, నోకాట్ వైపు ఒక ఊళ్ళో మురాప్.
కాలువ నీళ్ళు వంతులేసి పంచే నీరుగంటి.
టోపీ మోకాలి మీద బోర్లించి అన్నాడు:
"నాకు తెలిసిన మాటల్లో చెప్పండి."

చెప్పాను.
మూత్రపిండాలు మనిషికి మూడుసార్లు మొలుస్తాయి.
మొదటి జత పనిలోకి దిగకుండానే మాయం.
రెండోది కొన్ని వారాలు కాపు కాసి
పోతూ పోతూ తన కాలువను వదిలిపోతుంది.
ఆ కాలువ గట్టున, ఐదో వారంలో,
ఆవగింజంత కూడా లేని ఒక మొగ్గ లేస్తుంది.
ఎదురుగా ఉన్న మెత్తటి ముద్దలోకి దూరి
రెండుగా, నాలుగుగా, లెక్కతప్పేలా చీలుతుంది.
మొగ్గ పిలిస్తే ముద్ద పలకాలి, ముద్ద పిలిస్తే మొగ్గ.
పిలుపు అందకపోతే పొలమే లేదు.

"నీళ్ళు ఎటు పోతాయి?"
ఎటూ పోవు. వాడు పోసిందే వాడి చుట్టూ మడుగు.
దాన్నే మింగుతాడు, మళ్ళీ పోస్తాడు,
ఆ తడితోనే ఊపిరితిత్తులు విచ్చుకోవడం నేర్చుకుంటాయి.
మీవాడికి దారి మొదట్లో ఒక పొర అడ్డం పడింది.
ఉల్లిపొర. అంతే.

అతని వేళ్ళు కదలడం చూశాను, లెక్క కడుతున్నాడు:
తూము మూసుకుంటే కాలువ ఉబ్బుతుంది,
ఆపైన చేను ఊటెక్కుతుంది.
"ఎంత చేను పోయింది?"
ఎడమది చాలా. కుడిది కొంచెం.

బురుల్చా గోడవైపు తిరిగి
"గుర్రం పగ్గం దాటానని అంటోంది మా అత్త" అంది.
లేదమ్మా. నువ్వేదీ దాటలేదు.
ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి అడిగింది.

మంచు కరిగే నెలలో పుట్టాడు.
బిష్కెక్‌లో వెంట్రుకంత గొట్టంతో వెళ్ళి
ఆ పొరను కాల్చి విడదీశారట. నేనక్కడ లేను.
ఊరికి తిరిగొచ్చిన వారానికి, రాత్రి రెండింటికి,
తన చేలో నీటి వంతు నడుస్తుండగా సాగిన్ ఫోన్:
"డాక్టరమ్మా, గుడ్డ విప్పీ విప్పగానే
ధార! సూటిగా నా టోపీ మీదికి!"
నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో
వెనక కాలువ చప్పుడులో తెలియలేదు.

ఎడమది ఎంత కోలుకుంటుందో ఇంకా చెప్పలేను.
మూడు నెలలకోసారి తీసుకురమ్మన్నాను.
టోపీ ఉతకలేదట.