తేమకు తరుగు

పగలంతా నా పని మొక్కజొన్న తూకం.
లారీ కాటా ఎక్కుతుంది. గింజలో తేమ చూస్తాను.
పదిహేను శాతం దాటితే తరుగు తీసి చీటీ రాస్తాను.
రైతు ఎంత సణిగినా
నీటికి ధర కట్టను.

సోమవారం రాత్రి బడి జిమ్ములో
మనుషుల్ని లెక్కపెట్టమన్నారు.
బయట సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద.
మా అయోవాలో ఆ రాత్రి ఓటంటే పెట్టె కాదు, మూల.
నచ్చిన పేరు దగ్గరికి నడిచివెళ్ళి నిలబడాలి,
పక్కింటివాళ్ళు చూస్తుండగా.

బాస్కెట్‌బాల్ బుట్ట కింద హాల్‌స్టెడ్ మనుషులు:
అందరికీ ఒకటే కార్డు, ప్రీమియం ఉండదు, పన్ను పెరుగుతుంది.
ఎంత అంటే ఒక నవ్వు.
మెట్ల బల్లల మీద ప్రూయిట్ వాళ్ళు:
ఉన్న బీమా ఉంచుకోండి,
లేనివాళ్ళు సర్కారుది కొనుక్కోండి.
కాఫీ బల్ల పక్కన, చలికి ముడుచుకుని, లిండ్‌క్విస్ట్ గుంపు:
అరవై అయిదుకు వచ్చే మెడికేర్‌ని
అరవైకే దించుతాం.

ఆర్లిస్ ట్వెట్ ఎక్కడా నిలబడలేదు.
ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు తోలింది.
మోకాలితో ఉద్యోగం పోయింది, ఉద్యోగంతో బీమా.
వయసు అరవై ఒకటి.
ఆసుపత్రి బిల్లు వచ్చిన కవరు వెనక
మూడు గీతలు, మూడు పేర్లు,
ప్రతి పేరు కిందా ఒకటే ప్రశ్న: ఏ తేదీ నుంచి?

బుట్ట కింద కుర్రాడు అన్నాడు: నాలుగేళ్ళలో, దశలవారీగా.
మెట్ల మీద టీచరమ్మ: సెనేట్ ఒప్పుకుంటే, రెండో ఏడు.
కాఫీ బల్ల దగ్గరాయన కేకు కోస్తూ, తలెత్తకుండా:
మొదటి వంద రోజుల్లో, అనుకుంటా.
ముగ్గురూ నీళ్ళు నమిలారు.
ఎంత నీరో చెప్పగలను, నా వృత్తే అది.

ఆర్లిస్ సంచిలోంచి ఇన్సులిన్ సీసా తీసి
ట్యూబులైటుకి ఎత్తి పట్టింది.
"గురువారం," అంది, ఎవరితోనో కాదు.

"బుట్ట కింది వాళ్ళు గెలిస్తే నా కుర్చీ ఉండదు ఆర్లిస్,"
అన్నాడు లోవెల్ ఓస్బీ, మెట్ల మీంచి.
డెమోయిన్‌లో బీమా కంపెనీ, క్లెయిముల విభాగం.
"నీ ఫైలు నా బల్ల మీదికి రాలేదు, ఒట్టు."
"వచ్చుంటే?"
లోవెల్ తన బూట్లకేసి చూసుకున్నాడు.
మంచి బూట్లే.

లెక్క తేలింది.
యాభై ఒకటి. నలభై నాలుగు. పదహారు.
పదిహేను శాతం తగ్గితే మూల రద్దు.
మొత్తం నూట పన్నెండు మందికి పదిహేడు కావాలి.
జిమ్ము జిమ్మంతా ఆర్లిస్ వైపు తిరిగింది.
బెంచీల మీద నిద్రపోతున్న పిల్లలు తప్ప.

ఆమె నా దగ్గరికొచ్చింది.
"నువ్వు తూకం మనిషివి. ఏది పొడిగా ఉంది?"
లెక్కపెట్టేవాడు మాట్లాడకూడదని రూలు.
నిజానికి, రూలు లేకపోయినా
నా దగ్గర ఆ మిషను లేదు.

కాఫీ బల్ల దగ్గరికి వెళ్ళింది. పదిహేడు.
చప్పట్లు కొట్టారు. ఎవరో కేకు ముక్క చేతిలో పెట్టారు.
ఆమె దాన్ని చూసి, బల్ల మీద పెట్టేసింది.
"అరవై ఒకటి కాబట్టి ఇక్కడ," అంది.
"మా చెల్లెలికి యాభై ఏడు. దానికేం చెప్పను?"

బుధవారం, ఇంకా చీకటి.
ఆర్లిస్ పాత బ్యూయిక్
హైవేకి అడ్డదారిగా మా కాటా మీదెక్కి ఆగింది.
పక్క సీట్లో లోవెల్, టై లేకుండా.
కెనడా ఎనిమిది గంటలు. అక్కడ సీసా
ఇక్కడి ధరలో పదో వంతుకి ఇస్తారట.
సెలవు పెట్టావా అంటే
జ్వరమని చెప్పాను, అన్నాడు.

అలవాటు కొద్దీ తూకం చూశాను.
నాలుగు వేల రెండు వందల పౌన్లు.
కారు, ఇద్దరు మనుషులు,
వెనక సీట్లో ఖాళీ ఐసు పెట్టె.

తరుగేమీ తీయలేదు.